12:07కి నడిచొచ్చే చెట్టు

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

ఒరే,

ఫోన్ చేస్తే రెండు నిమిషాలకే "సరేరా, మళ్లీ చేస్తా" అంటావు. అందుకే ఉత్తరం. ఇక్కడ పొద్దుటినుంచీ ముసురు, కరెంటు వస్తూ పోతూ ఉంది.

బావగారికి మూడో కీమో అయింది. అక్క ఆయనతో వైజాగులో ఉంది, మేనల్లుడు నా దగ్గరున్నాడు. పదమూడేళ్లు. అడిగితే తప్ప నోరు విప్పడు. వాడి కోసం ఓ ఇంగ్లీషు నవల తెప్పించాను, 'ఎ మాన్‌స్టర్ కాల్స్'. షివాన్ డౌడ్ అనే రచయిత్రి మొదలుపెట్టి, 2007లో క్యాన్సర్‌తోనే పోయింది. ఆవిడ ఆలోచన అందుకుని ప్యాట్రిక్ నెస్ రాశాడు, 2011లో వచ్చింది.

కథలో కానర్‌దీ అదే వయసు. వాళ్లమ్మకి జబ్బు. రాత్రి 12:07కి ఇంటి వెనక శ్మశానంలోని యూ చెట్టు (ఇంగ్లండులో ఉంటుంది, మనవైపు కనపడదు) నడిచొచ్చి, "మూడు కథలు నేను చెప్తా, నాలుగోది నువ్వు చెప్పాలి, అదీ నిజం చెప్పాలి" అంటుంది. దెయ్యాల కథే అనుకున్నాను. కానర్ వాళ్ల అమ్మమ్మ హాలంతా బద్దలు కొట్టేస్తాడు. ఎవరూ ఏమీ అనరు. బళ్లో ఒకణ్ణి ఆస్పత్రి పాలు చేస్తాడు. దానికీ శిక్ష లేదు. అక్కడ పుస్తకం మూసేశాను.

పదో తరగతి గుర్తుందా? లెక్కలు చెయ్యలేదని వరసగా అందరికీ బెత్తం దెబ్బలు. నువ్వు తిన్నావు. నేనూ చెయ్యి చాపాను. మాస్టారు నా చెయ్యి కిందికి దించి "నువ్వు కూర్చో నాన్నా" అన్నారు. మీరంతా నాది అదృష్టం అన్నారు. నాన్న ఇక బతకడని నాకు తెలిసింది ఆ రోజేరా.

ఇంకోటి నీకూ చెప్పలేదు. నౌపడ నుంచి చిన్న రైల్లో నాన్నని తీసుకొస్తున్నాం. ఆయన మూలుగు వినలేక, తొందరగా అయిపోతే బాగుణ్ణు అనుకున్నాను. ఆ రైలు పోయి పెద్ద లైను కూడా పడింది, నేనింకా ఆ మాట ఎవరితోనూ అనలేదు. కానర్ నాలుగో కథ సరిగ్గా ఇదే.

మేనల్లుడికి ఇంగ్లీషు పుస్తకం అంటే పాఠమే. తెలుగు మాట్లాడతాడు గానీ, ఒడియా మీడియం కదా, చదవలేడు. అందుకని రాత్రుళ్లు నేనే చెప్తున్నాను. యూ చెట్టు వాడెక్కడ చూశాడు? మర్రిచెట్టు చేసేశా. తీరా చూస్తే కథలో వాళ్లమ్మకిచ్చే చివరి మందు ఆ యూ చెట్టుదే! నిజంగానూ క్యాన్సర్‌కి వాడే పాక్లిటాక్సెల్‌ని మొదట ఆ జాతి చెట్టు బెరడు నుంచే తీశారు. బావగారి మందుల చీటీలో ఆ పేరుంది. మర్రిని మళ్లీ యూ చేద్దామంటే వీడేమో, "నిన్న మర్రన్నావుగా మావయ్యా" అంటాడు.

మొదటి కథలో హంతకుడు రాజకుమారుడేనని తెలిసి, "మరి మంచోడెవరు?" అని అలిగి పడుకున్నాడు. చాలా రోజులకి ఓ పూర్తి వాక్యం మాట్లాడాడు, నాకదే చాలు.

మూడో కథ రేపు. నాలుగోది ఆపి ఉంచాను. రథయాత్రకి వస్తానన్నావుగా, ఆ రాత్రి చెప్తా. నాన్న సంగతీ వాడికి చెప్పాలి. ఒక్కణ్ణే అయితే మళ్లీ మర్రిచెట్టు దగ్గరే ఆగిపోతాను. వైజాగులో గుణుపూర్ పాసింజర్ ఎక్కెయ్, బస్సుల కోసం నిలబడకు. స్టేషనుకి వాణ్ణి కూడా తీసుకొస్తాను.

నీ
'కూర్చో నాన్నా'