ఆ రెండు పెట్టెలు పంపినవారికి కృతజ్ఞతలు

లద్దాఖ్‌లో డ్యూటీలో ఉన్న మా తమ్ముడి యూనిట్‌కీ, అక్కడి ఊరి పిల్లలకీ సామాను పోగుచేస్తున్నామని విని, రెండు అట్టపెట్టెలు పంపించి, పేరు మాత్రం చెప్పొద్దన్నారట. మీరెవరో గానీ చాలా చాలా థాంక్సండీ.

పైన ఉన్ని సాక్సులు, పెదవులు పగలకుండా వ్యాజిలైన్ డబ్బీలు, కింద పిల్లలకు నోటుపుస్తకాలు, రంగు పెన్సిళ్లు. పెన్నులు కాకుండా పెన్సిళ్లే, షార్పనర్లతో సహా పెట్టారు చూశారా, మీకు ఆ చలి సంగతి తెలుసని అక్కడే అర్థమైపోయింది నాకు, ఎందుకంటే గడ్డకట్టే చలిలో బాల్‌పెన్ను మొరాయిస్తుంది గానీ పెన్సిల్ ఆగదు. ఇంత ఆలోచించి సర్దేవాళ్లు అరుదు.

జవాన్లకు పంపే అడ్రసులో ఊరి పేరు ఉండదు, 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అని రాసి పోస్టులోనే పంపాలి. మంచుకి లద్దాఖ్ వెళ్లే జోజిలా కనుమ దారి మూసుకుపోతుందేమోనని టెన్షన్ పడ్డాం, ఈలోపే అందాయి. పిల్లలకు జవాన్లే స్వయంగా పంచారట. ఒక చిన్న పాప నోటుపుస్తకం తీసుకోగానే అక్కడే నేలమీద కూర్చుని అట్ట వెనకాల కూడా బొమ్మలు వేసేసిందని తమ్ముడు ఫోన్‌లో ఒకటే చెప్పడం.

వాళ్ల సుబేదార్ గారు మీకు ప్రత్యేకంగా నమస్కారాలు చెప్పమన్నారు. మా అమ్మ కూడా.