తువ్వాలు తీసి తల చూపించిన భీమిలి బాబాయ్‌కి

అమ్మని నిన్న సాయంత్రం డిశ్చార్జ్ చేశారు, గాజువాక వచ్చేశాం. ఆవిడ పడుకుంది, నాకే నిద్ర పట్టట్లేదు. ఇప్పుడు రాయకపోతే మళ్ళీ పనుల్లో పడిపోతానని రాస్తున్నాను.

ఏడాదిగా అమ్మ గుమ్మాలకి భుజం కొట్టుకుంటుంటే కళ్ళజోడు అనుకుని రెండుసార్లు మార్పించాం. రైతు బజారు దగ్గర పక్కనుంచి వచ్చే ఆటో కనపడక పడిపోయాక కంటి డాక్టరు గారు చుట్టూ ఎంతవరకు కనపడుతోందో చూసే ఫీల్డ్ టెస్ట్ చేసి, రెండు కళ్ళకీ బయటి వైపు చూపు పోయింది, ఇది కంట్లో లోపం కాదు, ముందు ఎమ్మారై తీయించండి అన్నారు. తీయిస్తే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి దగ్గర గడ్డ. ఆ గ్రంథే శనగగింజంత ఉంటుందంట, గడ్డేమో 3 సెంటీమీటర్లు, పైకి పెరిగి కంటి నరాలు రెండూ కలిసే చోట నొక్కేస్తోంది. రక్తంలో ప్రొలాక్టిన్ అనే హార్మోను బాగా ఎక్కువుంటే మాత్రలతోనే కరిగే రకం కావచ్చన్నారు, ఆ రిపోర్టు వచ్చేదాకా సింహాచలం అప్పన్నకి మొక్కుకుంటూనే ఉన్నాం. ఆ రకం కాదు. ఆపరేషనే అన్నారు.

ఒక డాక్టరు గారు తల తెరవాలన్నారు, ఇంకో చోట ముక్కులోంచి ఎండోస్కోపుతో, అంటే సన్నటి కెమెరా గొట్టంతో, తీస్తామన్నారు. చుట్టాల్లో సగం మంది తల తెరిస్తే మనిషి మనిషిలా మిగలదంటారు, మిగతావాళ్ళు ముక్కులోంచి మెదడు ఆపరేషనేంటి మోసం కాకపోతే అంటారు. ఎవరిని నమ్మాలో తెలీక స్కానింగ్ బయట బెంచీ మీద ఫిలిం ట్యూబ్‌లైటుకి ఎత్తి పట్టుకుని ఏడుస్తున్నాను, అమ్మ పక్కనే ఉందన్న సోయి కూడా లేదు నాకు.

"ఏటమ్మా, ఆ ఫిలిం పట్టుకుని అలా కూకున్నావు?" అని ఒకాయన వచ్చి పక్కన కూర్చున్నారు. అరవై ఏళ్ళుంటాయి, తలకి తువ్వాలు. చెకప్ స్కానుకి భీమిలి నుంచి వచ్చారంట. నేను చెప్పిందంతా విని తువ్వాలు తీసేశారు. చెవి ముందు నుంచి జుట్టులోకి వంపు తిరిగిన గీత, కణత దగ్గర వేలు దిగేంత గుంట. అమ్మ చెయ్యి పట్టుకుని ఆవిడ వేలు ఆ గుంటలో పెట్టారు. "సూడమ్మా, బయపడకు. నాది పక్కకి పాకీసింది, ముక్కులోంచి అందదని ఇలాగ కోసీసారు. నాలుగేళ్ళయింది, వలకి ఎల్తన్నాను, మనవణ్ణి ఎత్తుకుంటన్నాను. తల మంచిదా ముక్కు మంచిదా అని అడక్కు తల్లీ. నీ గడ్డ ఎటు పెరిగిందో అడుగు." వారం నుంచి ఎవరితోనూ మాట్లాడని అమ్మ ఆయన్ని "నొప్పేసిందా అన్నయ్యా" అని అడిగింది. మా కోసం ఆయన బస్సు కూడా వదిలేసుకున్నారు.

మర్నాడు అదే ప్రశ్న ఇద్దరినీ అడిగాను. తల అన్న డాక్టరు గారు ఫిలిం మళ్ళీ చూసి, గడ్డ నిట్టనిలువుగా మధ్యలో పెరిగింది, కింద నుంచి ముక్కు దారిలో వెళ్తే మెదడుని పక్కకి జరపక్కర్లేదు, నేను ఎండోస్కోపు చెయ్యను, అక్కడికే వెళ్ళండి అన్నారు. ఆ మాట చెప్పడానికీ మనసుండాలి, ఆయనకి నా నమస్కారం. ముక్కు దారిలో మెదడు నీరు కారే ప్రమాదం ఉందని, అది కారితే ఇన్ఫెక్షన్ పైకి పాకొచ్చని రెండో డాక్టరు గారు దాచకుండా చెప్పారు.

ఇక్కడో మాట చెప్పకుండా ఉండలేను. ఆపరేషన్ ఖర్చుకి ఆరోగ్య కార్డు అప్రూవల్‌కి 9 రోజులు పట్టింది. ఫీల్డ్ టెస్ట్ కాగితం స్కాన్ సరిగా లేదని ఒకసారి, సంతకం పక్క గడిలో పడిందని ఇంకోసారి ఫైలు వెనక్కొచ్చింది. ఆ 9 రోజుల్లో అమ్మకి కంచంలో కుడి పక్కనున్న కూర కనపడటం మానేసింది. కాగితం ఆగితే చూపు ఆగుతుందా అండి?

ఆపరేషన్ 4 గంటలు. పొట్ట దగ్గర కొంచెం కొవ్వు తీసి ముక్కు లోపల ఆ కన్నం మూశారు. పక్కన పెద్ద రక్తనాళానికి అంటుకున్న చిన్న ముక్క వదిలేశారు, 3 నెలలకి ఎమ్మారై, పెరిగితే రేడియేషన్ అన్నారు. ఆ రాత్రి అమ్మకి ఒంట్లో నీళ్ళన్నీ పోతున్నట్టు ఒకటే యూరిన్. గ్రంథి దెబ్బతింటే అలా అవుతుందంట. నైట్ డ్యూటీ సిస్టర్ గంటగంటకీ కొలిచి రాసి, రక్తంలో ఉప్పు ఎంతుందో చూసే సోడియం టెస్టులకి పంపి, తెల్లారేదాకా కూర్చోలేదు. పొద్దున్న అమ్మ కళ్ళు తెరిచి, తల తిప్పకుండానే, "కిటికీ పక్కన నువ్వే కదా" అంది.

మూడో రోజు భీమిలి బాబాయ్ రెండు కొబ్బరిబోండాలు పట్టుకుని వచ్చారంట. సిస్టర్ ఆ నీళ్ళు కూడా కొలిచి, 200 మిల్లీలీటర్లని చార్టులో రాశాకే తాగనిచ్చింది. నేనప్పుడు మందుల షాపు లైన్లో ఉన్నాను. నాన్న ఆయన పేరు అడగలేదు, నంబరు తీసుకోలేదు. ఆ చార్టు కాగితం ఫోటో తీసి ఉంచుకున్నాను, ఆయన వచ్చినట్టు నా దగ్గరున్న గుర్తు అదొక్కటే. భీమిలి వైపు వాళ్ళెవరికైనా ఆయన తెలిస్తే ఇది చదివి వినిపించండి. బాబాయ్, అమ్మ మీ గురించి రోజూ అడుగుతోంది.

నాన్న, తమ్ముడు, పెద్దమ్మ వాళ్ళు అందరూ ఉన్నారు, వాళ్ళకి థాంక్స్ చెప్తే తిడతారు.

అయ్యో, రక్తం ఇచ్చిన స్టీల్ ప్లాంటు కుర్రాళ్ళిద్దరినీ మర్చిపోయాను, చాలా థాంక్స్ తమ్ముళ్ళూ. వార్డు ఆయమ్మ కూడా, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలని, ముక్కు చీదకూడదని అమ్మకి పదిసార్లు నేర్పింది ఆవిడే. ఫైలు రెండోసారి తిరిగొచ్చినప్పుడు ఊరికే జిరాక్సులు తీసిచ్చిన షాపాయన కూడా.

అమ్మ లేచింది, నీళ్ళు కొలిచి ఇవ్వాలి. ఉంటాను.