ట్రిప్పులు కోస్తే ఆర్టీసీ బాగుపడదు

సంపాదకులు గారికి,

ఖర్చులు బాగా తగ్గించుకున్న ఆర్టీసీ డిపోల గురించి పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివినప్పటి నుంచి మనసు ఊరుకోవడం లేదు. ఏ డిపో ఎంత మిగిల్చిందో రాశారు. ఎక్కడ కోసి మిగిల్చిందో రాయలేదు. ఆ కోత పడిన ఊళ్లలో మాదీ ఒకటి కాబట్టి రాస్తున్నాను.

మా ఊరికి నైట్ హాల్ట్ బస్సు ఉండేది. రాత్రి వచ్చి ఇక్కడే ఆగి, తెల్లారకముందే బయల్దేరేది. కూరగాయల గంపలకు, పాల క్యాన్లకు, పెద్దాసుపత్రిలో చీటీ రాయించుకోవాల్సిన ముసలివాళ్లకు అదే దిక్కు. డ్రైవర్లు లేరని దాన్ని తీసేశారు. బదులుగా పొద్దున ఏడున్నరకు ఒక బస్సు వేశారు. అది చేరేసరికి మార్కెట్ అయిపోతుంది. దాంతో రైతులు ట్రాలీ ఆటో మాట్లాడుకున్నారు, కుర్రాళ్లు అప్పు చేసి బండ్లు కొన్నారు. బస్సులో జనం పలచబడ్డారు. ఆక్యుపెన్సీ, అంటే సీట్లు నిండే లెక్క, రావడం లేదని మధ్యాహ్నం ట్రిప్పు కూడా ఎత్తేశారు. ఇప్పుడు సాయంత్రం ట్రిప్పు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. జనం లేక బస్సు తీశామని డిపోలో చెబుతారు. బస్సు తీసినందువల్లే జనం పోయారని ఎంత చెప్పినా వాళ్ల లెక్కల్లోకి ఎక్కదు.

తెలంగాణలో ఆడవాళ్లకు 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ ప్రయాణం ఉచితం. చాలా మంచి పథకం, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. కానీ ఎక్కేవాళ్లు పెరిగినంతగా బస్సులు పెరగలేదు. మా ఊళ్లో బడి ఏడో తరగతి వరకే. పై తరగతుల ఆడపిల్లలు మండల కేంద్రం నుంచి ఇంటికి వచ్చేసరికి చీకటి పడుతోందని ఇద్దరు ముగ్గురిని పెద్దవాళ్లు చదువు మాన్పించారు. టికెట్ ఉచితమైనా బస్సే రాకపోతే ఆ పిల్లలకు ఒరిగిందేమిటి? డిపో మిగిల్చిన డీజిల్ ఖర్చులో ఈ నష్టాన్ని ఏ పద్దు కింద రాస్తారు?

వచ్చే బస్సుల సంగతి చూడండి. మొన్న నేనెక్కిన పల్లెవెలుగులో వెనక తలుపు తాడుతో కట్టి ఉంది. చినుకులు పడుతుంటే వైపర్ పనిచేయక డ్రైవర్ బస్సు ఆపి, దిగి, గుడ్డతో అద్దం తుడుచుకుని మళ్లీ ఎక్కాడు. పాపం ఆయన డబుల్ డ్యూటీలో ఉన్నాడు. అడిగితే, గ్యారేజీలో మనుషుల్లేరు సార్, పార్ట్స్ అడిగితే పాత బండిలోంచి తీసి వేస్తున్నారు అన్నాడు.

మనుషులు ఎక్కడి నుంచి ఉంటారు? 2019లో 52 రోజుల సమ్మె జరిగినప్పుడు తెలంగాణ ఆర్టీసీలో 48 వేల మందికి పైగా ఉద్యోగులున్నారు. ఆ తర్వాత ఏటా రిటైరైన వాళ్లు వెళ్లిపోవడమే తప్ప కొత్తవాళ్లను పెద్దగా తీసుకున్నది లేదు. చివరికి 2025లో వెయ్యి డ్రైవర్ పోస్టులకు, గ్యారేజీ పనులు చేసే 743 శ్రామిక్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. సంతోషమే. కానీ ఇంజిన్ చప్పుడు వినే తేడా పట్టేసిన పాత మెకానిక్కులు పని నేర్పకుండానే ఇంటికి వెళ్లిపోయారు. ఆ పనితనాన్ని ఏ నోటిఫికేషన్‌తో తెస్తారు?

కొండగట్టును మా ప్రాంతంలో ఎవరూ మరిచిపోలేదు. 2018 సెప్టెంబరు 11న ఘాట్ రోడ్డు మీద నుంచి బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ఆ ఒక్క బస్సులో వందమందికి పైగా ఉన్నారు. ప్రాణాలకు తెగించి ఎవరైనా అంత కిక్కిరిసిన బస్సు ఎందుకెక్కుతారు? తర్వాత ఇంకోటి వస్తుందన్న నమ్మకం లేకే కదా! అంత జరిగాక కూడా ట్రిప్పులు తగ్గించడం పొదుపు ఎలా అవుతుందో పెద్దలు చెప్పాలి.

ఇది ఒక్క ఆర్టీసీ జబ్బు కాదు. నేను ముప్పై ఏళ్లకు పైగా సర్కారు బడిలో పాఠాలు చెప్పినవాడిని. కరోనా తర్వాత బడుల్లో స్వచ్ఛ కార్మికులను తీసేసి ఆ పని పంచాయతీల నెత్తిన వేశారు. పంచాయతీ మనిషి ఊరి మోరీలు తీయాలా, బడి టాయిలెట్లు కడగాలా? మా బడిలో టాయిలెట్లకు తాళం పడింది. నీళ్లు తాగితే మళ్లీ వెళ్లాల్సి వస్తుందని ఆడపిల్లలు పొద్దంతా నీళ్లు ముట్టేవాళ్లు కాదు. తాత్కాలికంగా పాఠాలు చెప్పే విద్యా వలంటీర్లనూ అప్పుడే ఆపేశారు. తర్వాత పిల్లలు తగ్గారని బడులనే తప్పు పట్టారు. ఎక్కడ చూసినా ఇదే వరస. ముందు మనుషుల్ని తీసేయడం, పని పాడయ్యాక జనం రావడం లేదనడం, చివరికి ప్రైవేటే నయమనడం. ఆర్టీసీ సమ్మె రోజుల్లో 5,100 బస్సు రూట్లు ప్రైవేటుకు ఇస్తామని ప్రభుత్వం అన్న మాట కూడా ఈ వరసలోనే వచ్చింది.

నిజాం కాలంలో 1932లో 27 బస్సులతో మొదలైన సంస్థ ఇది. ఉమ్మడి రాష్ట్రంలో ప్రపంచంలోనే ఎక్కువ బస్సులున్న సంస్థగా 1999లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఆ మాట పిల్లలకు చెప్పేటప్పుడు నాకు ఛాతీ ఉప్పొంగేది. అధికారులు ఆ పేరు నిలబెట్టాలంటే ముందు ఎత్తేసిన నైట్ హాల్టులను మళ్లీ వేసి, కనీసం ఏడాది నడిపి, ఆ తర్వాత ఆక్యుపెన్సీ లెక్క తీయాలి. ఖాళీలన్నీ ఒకేసారి నింపాలి. మీ పత్రికకు కూడా ఒక విన్నపం. ఇకమీదట ఏ డిపో ఎంత మిగిల్చిందో వేసినప్పుడు, అదే డిపో ఏ ఊరికి ఏ ట్రిప్పు ఎత్తేసిందో ఆ పక్కనే వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఉమ్మడి కరీంనగర్ జిల్లా