పర్లాకిమిడి నుంచి బావకు జవాబు

పర్లాకిమిడి,
కార్తీక బహుళ దశమి.

ప్రియమైన బావకు,

నీ పదకొండు పేజీల ఉత్తరం దీపావళి వెళ్ళిన మూడో రోజున అందింది. ఈ కాలంలో ఇంత పొడుగు ఉత్తరం చేత్తో రాసేవాళ్ళు ఇంకా ఉన్నారా అని పోస్ట్‌మన్ ఆశ్చర్యపోయాడు. నేను మాత్రం నిన్ను మెచ్చుకునే స్థితిలో లేను, దెబ్బలాడడానికే ఈ కాగితాలు ముందేసుకున్నాను. టెక్సస్‌లో మీ మిత్రులందరూ భోజనాల దగ్గర వలసల సంగతితో మొదలుపెట్టి, పరాయి సంస్కృతిలో కలిసిపోవడం గురించీ, అలాస్కాలో జరిగిన సంధి మాటల గురించీ, చివరకు కృత్రిమ మేధ మనుషులను మింగేస్తుందా అన్న దాని గురించీ అర్ధరాత్రి దాకా వాదించుకున్నారని రాశావు. అవి నాలుగు వేర్వేరు తగవులని నీ లెక్క. నాకు అవన్నీ ఒకే తగవులా కనిపించాయి. ఎవరి బతుకు గురించి తీర్పు చెబుతున్నారో వాళ్ళకు ఆ పంచాయితీలో పీట వేయకపోవడమే ఆ తగవు.

ముందుగా నీ వాక్యం ఒకటి నీకే చదివి వినిపిస్తాను. ‘వచ్చినవాడు వచ్చిన చోట కలిసిపోవాలి, కలవనివాడు మూట సర్దుకోవాలి’ అన్నావు. బావా, ఈ మాట అంటున్నది పద్నాలుగేళ్ళుగా గ్రీన్ కార్డు వరుసలో నిలబడి, పెరట్లో గోంగూర పెంచుకుంటూ, సంక్రాంతికి ఆవుపేడ దొరకక గొబ్బెమ్మలను బంకమట్టితో చేయించిన మనిషి. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్ళకూ ఉద్యోగ కోటాలో ఏడాదికిచ్చే గ్రీన్ కార్డుల్లో 7 శాతం మించకూడదన్న నిబంధన వల్ల నువ్వు ఆ వరుసలో ఉన్నావు తప్ప, నువ్వు కలిసిపోయావా లేదా అని నిన్ను అడిగినవాడు లేడు. 2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలని ట్రంప్ సంతకం చేశారు. ఆ వీసాలు దక్కేవాళ్ళలో 70 శాతానికి పైగా మన దేశం వాళ్ళే. మీ తమ్ముడి కొడుకు ఇంగ్లీషు ఎంత చక్కగా మాట్లాడతాడో ఆ సంతకం పెట్టిన చేతికి తెలియదు, తెలియనక్కరలేదు కూడా. అదే వేటు నువ్వు ఇక్కడికి వలస వచ్చినవాళ్ళ మీద వేయమంటున్నావు.

మనవాళ్ళయితే ఇల్లు కదలకుండానే పరాయివాళ్ళయ్యారు కదా! మా తాతకు ఇల్లు పర్లాకిమిడిలో, పొలం పాతపట్నం వైపు. 1936 మార్చి 31 నాటికి ఆ రెండూ గంజాం జిల్లాలోనే ఉన్నాయి. మరునాడు ఒరిస్సా ఏర్పడేసరికి ఇల్లు ఒక రాష్ట్రంలోనూ పొలం ఇంకో రాష్ట్రంలోనూ పడ్డాయి. పట్టణమూ, వెనకనున్న ఏజెన్సీ కొండలూ ఒరిస్సాకు పోయాయి. జమీందారీలోని మైదాన గ్రామాల్లో ఎక్కువ భాగం మద్రాసు వైపు ఉండిపోయింది. అంతకుముందు 1931లో సరిహద్దు తేల్చడానికి వేసిన ఓడొన్నెల్ కమిటీ ముందు రెండు పక్షాల పెద్దమనుషులూ మహజర్లు, అంటే అర్జీలు, పెట్టుకున్నారని మా తాత కథలుగా చెప్పేవాడు. ఆ కథల్లో రాజులున్నారు, ప్లీడర్లున్నారు, పండితులున్నారు, కొండ మీది సవర గిరిజనుడు మాత్రం ఒక్కడూ లేడు.

ఇక్కడ గిడుగు రామమూర్తి పంతులు గారిని తలుచుకోకుండా ఉండలేను. (వాడుక భాష కోసం జీవితం ధారపోసిన ఆయన నా ఈ బారెడు వాక్యాలు చూస్తే చెవి మెలిపెట్టేవారు.) 1880లో మన ఊరి బడికి పంతులుగా వచ్చిన ఆయన, సవరలను తెలుగు నేర్చుకోమని పోరలేదు. తానే సవర నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు వాళ్ళ భాషలోనే వాచకాలు రాసి, నిఘంటువు కూర్చారు. అదే మనిషి 1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో కలపడాన్ని సహించలేక రాజమండ్రికి తరలిపోయారు. పరాయివాడి భాషకు అంత చోటిచ్చిన మనసుకు సొంత భాష చోటు తగ్గడం అంత నొప్పి కలిగించింది. కలిసిపోవడం గురించి తేలిగ్గా మాట్లాడేవాళ్ళు ఈ రెండింటినీ ఒక్కచోట పెట్టి చూడరు. ఇంకో చిత్రం విను. సరిగ్గా ఆ 1936లోనే మంగేయి గొమాంగో అనే సవర పెద్ద తమ భాషకు ‘సొరంగ్ సొంపెంగ్’ అనే లిపిని తయారుచేశాడు. అది తెలుగూ కాదు, ఒడియా కాదు. గీత గీసినవాళ్ళు అడగని ప్రశ్నకు ఆయన చెప్పిన జవాబు అదేనని నాకనిపిస్తుంది.

మా సంగతంటావా, మా ఇంట్లో ఇప్పుడు లెక్కలు ఒడియాలో, తిట్లు తెలుగులో. వేసవిలో కోడలు పఖాళ అంటుంది, అమ్మ చద్దన్నం అంటుంది, కుండ మాత్రం ఒకటే. దీనికి తొంభై ఏళ్ళు పట్టింది, మధ్యలో ఎవరూ మాకు పరీక్ష పెట్టలేదు.

వలస వచ్చినవాళ్ళ గురించి ‘వాళ్ళు మన కూలి కొట్టేస్తున్నారు’ అన్న మాట కొత్తదేమీ కాదు. మీ ముత్తాత గోపాల్‌పూర్‌లో ఓడెక్కి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళాడని మర్చిపోయావా? ఆ రోజుల్లో రంగూన్ రేవులో మూటలు దింపింది ఎక్కువగా మన తెలుగు కూలీలే. 1930 మే నెలలో వాళ్ళు కూలి పెంచమని సమ్మె కడితే, ఓడల వాళ్ళు బర్మా కూలీలను పనిలోకి దింపారు. సమ్మె తెగగానే వాళ్ళను పొమ్మని మనవాళ్ళను మళ్ళీ పిలిచారు. మే 26న రేవు దగ్గర మొదలైన కొట్లాట ఊరంతా పాకి వందమందికి పైగా చచ్చిపోయారు. చచ్చినవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళు. ఇద్దరు పేదవాళ్ళకు ఒకే ఉద్యోగాన్ని చూపించి తమాషా చూసినవాళ్ళకు గీత కూడా పడలేదు. 1942లో జపాన్ వాళ్ళు వచ్చిపడ్డాక కొండలూ అడవులూ దాటి నడిచొచ్చినవాళ్ళ సంగతీ, 1964లో మళ్ళీ తరిమితే విశాఖలో బర్మా క్యాంపు వెలిసిన సంగతీ నీకు నేను చెప్పాలా! రంగంలో మనవాళ్ళు ఎంత కలిసిపోయారు అన్నది ఆ రెండుసార్లూ ఎవరికీ అక్కరకు రాలేదు.

కిందటి నెల చంద్రగిరి వెళ్ళాను. అదీ మన గజపతి జిల్లాయే, మోహన దాటాక కొండల మధ్య. 1959లో దలైలామా వెంట వచ్చిన టిబెట్టు వాళ్ళకు 1963లో అక్కడ స్థలమిచ్చారు. జీరంగోలో పెద్ద బౌద్ధ విహారం ఉంది, 2010 జనవరిలో దలైలామాయే వచ్చి ప్రారంభించారు. నేను ఆగిన ఇంటి ముందు డెబ్బై ఏళ్ళ ముసలావిడ మొక్కజొన్న కండెలు ఒలుస్తోంది. బొటనవేలితో ఒక వరస గింజలు లేపి, ఆ సందులోంచి మిగతావి రాల్చడం, అచ్చం మన మేనత్త లాగే. ఒడియాలో పలకరించాను. నా యాస పట్టేసి, ‘మీది తెలుగా బాబూ’ అని శ్రీకాకుళం యాసలో అడిగింది! ముప్పై శీతాకాలాలు శ్రీకాకుళం రోడ్డు పక్కన స్వెట్టర్లు అమ్మిందట. ‘ఊలు మంచిది, ఉతికినా సాగదు’ అన్న మాట ఇప్పటికీ పాట లాగా అంటుంది. ఆవిడ ట్రంకుపెట్టెలో ఒక రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉంది, మడతల దగ్గర చిరిగిపోకుండా ప్లాస్టిక్ తొడిగి దాచుకుంది. 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం పెట్టలేదు కాబట్టి, చట్టం దృష్టిలో ఆవిడ విదేశీయురాలే. కొడుకు 1987 జూలైకి ముందు ఇక్కడే పుట్టాడు గనుక పౌరసత్వం అడగవచ్చు. అడగలేదు. ఎందుకని అడిగితే, ‘అడిగితే ఇక తిరిగి వెళ్ళనని ఒప్పుకున్నట్టు కాదా’ అన్నాడు. ఆ మనిషి ఒడియా, తెలుగు, హిందీ మాట్లాడతాడు, బెర్హంపూర్‌లో చదివాడు, మన వాళ్ళ పెళ్ళిళ్ళకు వస్తాడు. అతను కలిసిపోయినట్టా, కానట్టా? నీ వాక్యంలో అతన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో చెప్పు. నేను ప్రయత్నించాను, నా వల్ల కాలేదు.

సంధి మాటల దగ్గరకు వస్తాను. 2025 ఆగస్టు 15న అలాస్కాలోని ఆంకరేజ్‌లో ట్రంప్, పుతిన్ కూర్చుని ఉక్రెయిన్ యుద్ధం గురించి మాట్లాడారు. ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ ఆ గదిలో లేరు. మూడు రోజుల తర్వాత యూరప్ నాయకులను వెంటబెట్టుకుని వాషింగ్టన్ వెళ్ళి, అక్కడేం అనుకున్నారో విన్నారు. ‘పెద్దవాళ్ళిద్దరూ ఒప్పుకుంటే చిన్నవాడు దారికొస్తాడు’ అని నువ్వు రాసిన చోట నేను పెన్సిలుతో గీత పెట్టాను. శ్రీలంకలో తమిళుల పోరు ఆపడానికని 1987 జూలై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, జయవర్ధనే సంతకాలు చేసినప్పుడు మనమంతా అలాగే అనుకున్నాం. ఆయుధాలు పట్టిన తమిళ పులులు ఆ ఒప్పందంలో పక్షం కారు. వాళ్ళ నాయకుడు ప్రభాకరన్‌ను ఢిల్లీ పిలిపించి హోటల్లో ఉంచి ఒప్పించామనుకున్నారు. రెండున్నరేళ్ళలో వెయ్యిమందికి పైగా మన సైనికులు అక్కడ చనిపోయారు.

దగ్గరి ఉదాహరణ కావాలంటే 2011 ఫిబ్రవరి. మల్కన్‌గిరి కలెక్టర్ వినీల్ కృష్ణను మావోయిస్టులు ఎత్తుకుపోయినప్పుడు మధ్యవర్తులుగా హరగోపాల్ గారు, సోమేశ్వరరావు గారు భువనేశ్వర్‌లో కూర్చున్నారు. వారం దాటాక ఆయన క్షేమంగా తిరిగొచ్చారు, అదృష్టం. అయితే నన్ను ఆకట్టుకున్నది ఆ చర్చలు కాదు. కలెక్టరును విడిచిపెట్టమని చిత్రకొండ వైపు జనం రోడ్డెక్కారు. బలిమెల జలాశయం వచ్చిన నాటి నుంచి ఆవలి ఊళ్ళకు లాంచీ తప్ప దారి లేదు, వాళ్ళకు కావలసింది వంతెన. అది 2018 జూలైలో గానీ తెరవలేదు. షరతుల జాబితాలు రెండు పక్షాలూ రాసుకున్నాయి. ఆ ఊళ్ళ వాళ్ళు జాబితా రాస్తే మొదటి వరుసలో ఏముండేదో తెలియడానికి పెద్ద తెలివి అక్కరలేదు.

మిగిలింది కృత్రిమ మేధ. దానికి బాటలు వేసిన శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్ గారు 2023లో గూగుల్ విడిచి, ఇది మన చేతులు దాటిపోవచ్చని హెచ్చరించడం మొదలుపెట్టారనీ, మరుసటి ఏడాది నోబెల్ వచ్చినా ఆ మాట మార్చలేదనీ నువ్వు రాశావు. ఆయనను కాదనే చదువు నాకు లేదు. చాలా దేశాలు 2023 నవంబరులో ఇంగ్లండులోని బ్లెచ్లీలో కలిసి ప్రమాదం ఉందని ఒప్పుకుని, 2025 ఫిబ్రవరిలో పారిస్ చేరేసరికి అమెరికా, బ్రిటన్ ప్రకటన మీద సంతకమే పెట్టకపోవడం చూస్తే ఆ భయం తగ్గదు. ఆ తర్వాతి సమావేశం 2026 ఫిబ్రవరిలో ఢిల్లీలో అని పెట్టుకున్నారు. కానీ నీకు రాత్రి నిద్ర పట్టనిది అదైతే, నాకు పట్టనిది వేరే ఉంది.

అమ్మ వృద్ధాప్య పింఛను జూలై నుంచి ఆగిపోయింది. కారణం చెబితే నవ్వుతావు. ఒడియా కాగితాల్లో ‘వ’ చాలాసార్లు ‘బ’ అవుతుంది కదా, అమ్మ పేరులోని ‘వెంకట’ అక్కడ ‘బెంకట’. ఆధార్‌లో ఇంగ్లీషున ‘వెంకట’. ఇన్నాళ్ళూ ఆ రెండూ ఒక్కరేనని గుమాస్తాకు తెలుసు, మనిషి ఎదురుగా కనిపిస్తోంది గనుక. ఇప్పుడు పేర్లు సరిచూసే పని యంత్రానికి అప్పగించారు, అది ఇద్దరు వేర్వేరు మనుషులని తేల్చింది. ఎనభై రెండేళ్ళ మనిషిని ఆటోలో కూర్చోబెట్టి ఆ ఆఫీసుకు మూడుసార్లు తీసుకెళ్ళాను. అక్కడి కుర్రవాడు మంచివాడే. అమ్మకు మంచినీళ్ళిచ్చాడు, కుర్చీ వేశాడు, తెర మీది ఎర్ర గీతను చూపించి, ‘సిస్టం తీసుకోవడం లేదు పిన్నిగారూ’ అన్నాడు. అమ్మ ఆ తెర వైపు వంగి, ‘నేనేరా బాబూ’ అంది.

పాత రోజుల్లో గుమాస్తాతో దెబ్బలాడేవాళ్ళం, టీ తాగించేవాళ్ళం, అవసరమైతే వాళ్ళ మామగారి చేత చెప్పించేవాళ్ళం. ఇప్పుడు ఎవరితో దెబ్బలాడాలి? 2019లో అస్సాంలో పౌరుల జాబితా వేసినప్పుడు 19 లక్షలమంది బయట మిగిలారు. వాళ్ళలో అక్షరాల తేడా వల్ల చిక్కుకున్నవాళ్ళు ఎందరో. అప్పుడు కనీసం తిరిగి చూడమని అడగడానికి ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు. రేపు వలసవాడెవడో, కలిసిపోయినవాడెవడో ఇలాంటి తెరే తేలుస్తుందంటే నాకు హింటన్ గారి భయం కంటే ఇదే ముందు నిలుస్తుంది. సవర లిపికి 2012లో కంప్యూటర్లు అక్షరాలను గుర్తించే యూనికోడ్‌లో చోటు దొరికింది, సంతోషమే. ఆ అక్షరాల్లో పేరు రాసుకున్న పిల్లవాడిని ఆ యంత్రం ఏమని చదువుతుందో చూడాలి.

ఇక అసలు పని. మీ తాత అమ్మకు పసుపు కుంకుమ కింద ఎకరం రాసిన దస్తావేజు, పాతపట్నంలో రిజిస్టరైనది, మీ ఇంటి అటక మీది చందనం పెట్టెలో ఉండాలి. తెలుగులో రాసిన కాగితం అది. అందులో అమ్మ పేరూ, మీ తాత పేరూ, మా నాన్న పేరూ ఒకే చోట ఉన్నాయి. దాన్ని ఆధారంగా చూపించి అఫిడవిట్ వేద్దామని ప్లీడరు అన్నారు. ఇంటి తాళం మీ తమ్ముడి దగ్గరే ఉందా? ఉంటే రెండు వైపులా ఫోటో తీసి పంపమను, స్టాంపు కాగితం వెనక సాక్షుల వేలిముద్రలు కూడా పడేట్టు. మంగళవారం మళ్ళీ వెళ్ళాలి. నేను ఈ ఉత్తరం రాస్తుంటే అమ్మ పక్కనే కూర్చుని వత్తులు చేస్తోంది. నీకు చెప్పమంది: పెట్టె తాళం తిరగకపోతే ఒక చుక్క కొబ్బరినూనె వేయమని, బద్దలు కొట్టవద్దని.

నీ
బావమరిది