పదో తరగతి గురించి అడిగినవాళ్లకు

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి ఇద్దరు ముగ్గురు అమ్మలు ఒకటే అడిగారు: "ఇంట్లో చదివిస్తే రేపు పదో తరగతి ఎలా అండీ?" ఆ భయం నాకు బాగా తెలుసు. మా పెద్దదాన్ని బడి మాన్పించిన ఏడాది నాకు సరిగా నిద్రపట్టలేదు.

దానికి ఎన్ఐఓఎస్ ఉంది. 1989లో కేంద్రం పెట్టిన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, బడికి వెళ్లకుండానే పది, ఇంటర్ పరీక్షలు రాయొచ్చు. పదికి 14 ఏళ్లు, ఇంటర్‌కు 15 నిండాలి. కనీసం ఐదు సబ్జెక్టులు. అన్నీ ఒకేసారి రాయక్కర్లేదు, ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలుంటాయి. మన తెలంగాణ ఓపెన్ స్కూల్ కూడా ఉంది, తెలుగు మీడియంలో రాయొచ్చు. ఇంటర్ గ్రూపు, ఆ తర్వాతి కోర్సు అడిగే సబ్జెక్టులు ముందే చూసుకుని ఎంచుకోండి. చాలామంది తడబడేది అక్కడే.

చిన్నపిల్లల తల్లులూ, మీకు ఇప్పుడే ఈ బెంగ వద్దు. మా చిన్నోడికి ఐదేళ్లు. పొద్దున గ్లాసుతో బియ్యం కొలుస్తూ, సగం గ్లాసు రెండుసార్లు పోసి, "అమ్మా, ఇది ఒకటైపోయింది!" అన్నాడు. భిన్నాలు వాడికి అలా వచ్చాయి. నేను పలక ముట్టుకోలేదు.

శనివారం సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్దాం (శుక్రవారం సెలవు). పన్నెండు కొట్టేముందే ఆ పాత గడియారం దగ్గరుండాలి, లోపల్నుంచి బొమ్మ వచ్చి గంట కొడుతుంది, పిల్లలచేత లెక్కపెట్టించండి. పదకొండుకల్లా గేటు దగ్గర కలుద్దాం. మంచినీళ్లు తెచ్చుకోండి. వచ్చేవాళ్లు ఇక్కడే చెప్పండి.