ఫెడరల్ గ్రాంటుతో పాటు దాని షరతులనూ సభ ముందు పెట్టండి: టెక్సస్ గవర్నర్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన టెక్సస్ గవర్నర్ గ్రెగ్ ఆబట్ గారికి,

నమస్కారాలు.

వాషింగ్టన్‌లోని ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం నుంచి మన రాష్ట్రానికి వచ్చే నిధుల గురించి, ఆ నిధుల వెంట వచ్చే షరతులు మన శాసనసభ చేతులను ఎలా కట్టేస్తున్నాయన్న దాని గురించి ఈ లేఖ రాస్తున్నాను. నేను డాలస్‌కు ఉత్తరాన కాలిన్ కౌంటీలో స్థిరపడిన తెలుగువాణ్ణి, ఇక్కడి ఓటరును, ప్రభుత్వం తన రాబడికి లోబడి నడవాలని నమ్మే కన్జర్వేటివ్‌ను. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలోని తెలుగు కుటుంబాలు ప్రాపర్టీ ట్యాక్స్ గురించి గంటల తరబడి మాట్లాడుకుంటాయి గానీ, రాష్ట్ర బడ్జెట్‌లో దాదాపు మూడో వంతు ఫెడరల్ నిధులేనన్న సంగతి ఆ మాటల్లోకి అరుదుగా వస్తుంది. అందుకే మీకు రాయదలచినది తెలుగులో, మావాళ్లందరూ చదివేలా రాస్తున్నాను.

టెక్సస్ తనకు తాను పెట్టుకున్న కట్టుబాట్లంటే నాకు గౌరవం. 1942లో ఓటర్లు ఆమోదించిన రాష్ట్ర రాజ్యాంగ సవరణ ప్రకారం, అత్యవసర పరిస్థితుల్లో తప్ప, రాబడి చాలుతుందని రాష్ట్ర ఖజానా లెక్కలు చూసే అధికారి కంప్ట్రోలర్ ధ్రువీకరించనిదే ఏ ఖర్చు బిల్లూ మీ సంతకం దాకా రాదు. సొంత పన్నుల రాబడి నుంచి పెట్టే ఖర్చు రాష్ట్ర ఆర్థిక వృద్ధిని మించి పెరగకూడదన్న పరిమితి 1978 నుంచి ఉంది. 2019లో మీరు సంతకం చేసిన సెనేట్ బిల్లు 2 వచ్చాక, పెద్ద నగరాలూ కౌంటీలూ పాత ఆస్తుల మీద వచ్చే పన్ను రాబడిని ఏడాదికి 3.5 శాతానికి మించి పెంచాలంటే ఓటర్లను అడిగి తీరాలి. అంతకు ముందు ఆ హద్దు 8 శాతం ఉండేది. స్కూలు పన్నులో, సొంతంగా ఉంటున్న ఇంటి విలువ మీద ఇచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు 2023లో 40 వేల డాలర్ల నుంచి లక్షకు, 2025లో లక్షా 40 వేలకు పెరిగింది. ఇవన్నీ కన్జర్వేటివ్ పాలన సాధించినవే, వీటి మేలు మా ఇళ్లకు చేరింది.

కానీ ఈ కట్టుబాట్లు మన సొంత డబ్బుకే వర్తిస్తాయి. మిగిలిన మూడో వంతు ఎలాంటి ఖజానా నుంచి వస్తోందో చూడండి. ఫెడరల్ ప్రభుత్వ బడ్జెట్‌లో చివరిసారి మిగులు కనిపించింది 2001లో. 2024 ఆర్థిక సంవత్సరంలో లోటు సుమారు 1.8 లక్షల కోట్ల డాలర్లు. పాత అప్పుల మీద కట్టిన నికర వడ్డీయే 88 వేల కోట్ల డాలర్ల దరిదాపుల్లో ఉండి, దేశ రక్షణకు పెట్టిన ఖర్చును దాటిపోయింది. 2025 అక్టోబరు నాటికి మొత్తం అప్పు 38 లక్షల కోట్లు దాటింది. ఇది ఏదో ఒక పార్టీ చేసిన పని కాదు. డెమోక్రాట్ల హయాంలో ఎంత పెరిగిందో మనం గట్టిగా చెబుతాం, మన హయాంలో ఎంత పెరిగిందో కూడా అంతే గట్టిగా చెప్పాలి. 2025 జులైలో మన రిపబ్లికన్ పార్టీ ఆమోదించిన పన్నుల చట్టమే అప్పు పరిమితిని 5 లక్షల కోట్ల డాలర్లు పెంచింది. సమతుల బడ్జెట్ కోసం అమెరికా రాజ్యాంగ సవరణ 1997లో సెనేట్‌లో ఒకే ఒక్క ఓటు తక్కువై వీగిపోయింది. అప్పటి నుంచి ఆ మాట ఎన్నికల సభల్లో వినిపిస్తోంది గానీ రెండు సభల్లోనూ నెగ్గింది లేదు.

అప్పు ఒక బాధ. ఆ అప్పుతో రాష్ట్రాల చట్టాలను కొనడం అంతకన్నా పెద్ద బాధ. 1984లో అమెరికా కాంగ్రెస్ మద్యం కొనుగోలుకు కనీస వయసు 21 ఏళ్లని నేరుగా శాసించలేదు, అలా ఉంచని రాష్ట్రాలకు హైవే నిధుల్లో కోత పెడతామంది. 1986లో టెక్సస్ కూడా వయసును 21కి పెంచింది. ఆ మరుసటి ఏడాది సౌత్ డకోటా వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆ పద్ధతి చెల్లుతుందని తేల్చింది. ఆ వయసు నిబంధన మంచిదే కావచ్చు. ప్రాణాలు కాపాడి ఉండవచ్చు కూడా. అయినా ఒక రాష్ట్ర చట్టం ఎలా ఉండాలో మన రాజధాని ఆస్టిన్‌లో చర్చించి కాక, రోడ్ల డబ్బు పోతుందన్న భయంతో నిర్ణయించుకోవాల్సి వచ్చింది. ఆ చట్టం మీద సంతకం చేసింది మనమెంతో అభిమానించే రీగన్ గారే అన్నది కూడా మరువరాదు. 2012లో వైద్య బీమా చట్టం (ఒబామాకేర్) కేసులో అదే కోర్టు దీనికి ఒక హద్దు గీసింది: పేదల వైద్య బీమా పథకం మెడికెయిడ్ కొత్త విస్తరణకు ఒప్పుకోకపోతే పాత మెడికెయిడ్ నిధులన్నీ ఆపేస్తామనడం నిర్బంధమేనంది.

ఆ హద్దు ఎంత పల్చనిదో 2021లో చూశాం. కొవిడ్ సహాయ చట్టం కింద రాష్ట్రాలకూ స్థానిక సంస్థలకూ 35 వేల కోట్ల డాలర్లు కేటాయిస్తూ, ఆ డబ్బు తీసుకున్న రాష్ట్రం దానితో పన్ను తగ్గింపులను భర్తీ చేసుకోకూడదని కాంగ్రెస్ షరతు పెట్టింది. టెక్సస్‌కు అందులో సుమారు 1,600 కోట్ల డాలర్లు వచ్చాయి. పన్ను తగ్గించాలా వద్దా అన్నది శాసనసభకు అన్నింటికన్నా సొంతమైన నిర్ణయం. దాని మీదే వాషింగ్టన్ చెయ్యి వేసింది. టెక్సస్, లూసియానా, మిసిసిపీ కోర్టుకెళ్లి, 2024లో ఐదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టులో నెగ్గాయి. నెగ్గడం సంతోషమే. కానీ డబ్బు తీసుకున్నాక కోర్టు మెట్లెక్కడం కన్నా, తీసుకునే ముందే షరతులు సభలో చదివి ఉంటే ఎంత బాగుండేది!

మేం పుట్టి పెరిగిన దేశంలోనూ కేంద్రం మోచేతి నీళ్లు తాగాల్సి వస్తోందన్న బాధ రాష్ట్రాలకుంది. కేంద్ర ప్రాయోజిత పథకాల షరతుల మీద తెలుగు రాష్ట్రాల నుంచి ఎన్నో ఫిర్యాదులు విన్నాం. అయితే అక్కడ ఫైనాన్స్ కమిషన్ ద్వారా కేంద్ర పన్నుల్లో ఒక వాటా షరతులు లేకుండా రాష్ట్రాలకు దక్కుతుంది. అమెరికాలోనూ నిక్సన్ కాలంలో, 1972లో అలాంటి పంపిణీ మొదలైంది, 1986కల్లా పూర్తిగా ఆగిపోయింది. ఇప్పుడు మనకు వచ్చేదానిలో అత్యధిక భాగం నిర్దిష్టమైన పద్దులకు, నిబంధనలకు ముడిపడిన డబ్బే.

ఆ డబ్బు మన పన్నులదే కదా, మనం వద్దంటే ఇంకో రాష్ట్రం పట్టుకుపోతుంది కదా అని అడిగేవారున్నారు. వారి మాటలో న్యాయం ఉంది. మెడికెయిడ్‌లో సగానికి పైగా ఖర్చు ఫెడరల్ ప్రభుత్వానిదే. దాన్ని రేపటికి రేపు వదులుకోమంటే పల్లెల్లోని ఆసుపత్రులు, వృద్ధాశ్రమాలు ఏమవుతాయో నాకు తెలుసు. నిధులను తిరస్కరించమని నేను కోరడం లేదు. అవి ఆగిపోయే రోజుకు సిద్ధంగా లేకపోవడమే నా ఆందోళన. కొవిడ్ కాలంలో దేశంలోని బడులకు మూడు చట్టాల ద్వారా సుమారు 19 వేల కోట్ల డాలర్లు ఇచ్చారు, చివరి విడత గడువు 2024 సెప్టెంబరుతో ముగిసింది. కొన్నేళ్లకే వచ్చిన డబ్బుతో శాశ్వత ఉద్యోగాలు ఇచ్చిన స్కూలు డిస్ట్రిక్టులు ఆ తర్వాత ఎటూ పాలుపోక కోతలకు దిగాయి. మూల్యం చెల్లించింది పిల్లలు, టీచర్లు.

ఇలాంటి రోజు మళ్లీ రాబోతోంది. పైన చెప్పిన 2025 జులై చట్టం ప్రకారం, ఫుడ్ స్టాంపుల పథకం స్నాప్ నిర్వహణ ఖర్చులో రాష్ట్రాల వాటా 2027 ఆర్థిక సంవత్సరం నుంచి 50 శాతం కాక 75 శాతం అవుతుంది. ఆ మరుసటి ఏడాది నుంచి, చెల్లింపుల్లో పొరపాట్లు 6 శాతం, ఆపైన ఉన్న రాష్ట్రాలు లబ్ధిదారులకు ఇచ్చే సాయంలోనూ 5 నుంచి 15 శాతం దాకా భరించాలి. ఈ మార్పును నేను సమర్థిస్తాను; ఖర్చులో భాగమున్నవారికే లెక్క సరిచూసుకోవాలన్న పట్టుదల ఉంటుంది. కానీ దరఖాస్తులు పరిశీలించే సిబ్బందిని, పాతబడిన కంప్యూటర్ వ్యవస్థలను ఇప్పుడే సరిచేసుకోకపోతే, ఆ భారం అర్హులైన పేదల మీదా, మా ప్రాపర్టీ ట్యాక్స్ ఊరట మీదా పడుతుంది.

అయ్యా, 2016 జనవరిలో మీరు ప్రకటించిన టెక్సస్ ప్లాన్‌లోని తొమ్మిది అమెరికా రాజ్యాంగ సవరణల్లో, కాంగ్రెస్ తన బడ్జెట్‌ను సమతూకంలో ఉంచాలన్నది ఒకటి. 2017లో మన శాసనసభ అలాంటి సవరణల కోసం రాష్ట్రాల సమావేశం కోరుతూ తీర్మానమూ చేసింది. దానికి 34 రాష్ట్రాలు కలిసిరావాలి, అది మన ఒక్కరి చేతిలో లేదు. మన చేతిలో ఉన్న పని ఒకటుంది. 2027 జనవరిలో మొదలయ్యే సమావేశంలో ఒక బిల్లును అత్యవసర అంశంగా ప్రకటించండి. ఏ శాఖ అయినా ఒక మోస్తరు పెద్ద ఫెడరల్ గ్రాంటు తీసుకునే ముందు దాని షరతులు, రాష్ట్రం కట్టాల్సిన వాటా, గడువు తీరాక ఆ పనిని ఎలా నడుపుతారన్న వివరం ప్రజల ముందుంచి, శాసనసభ ఓటు పొందాలని అందులో రాయించండి. సభ రెండేళ్లకోసారి 140 రోజులే కూర్చుంటుంది కాబట్టి, మధ్యకాలంలో వచ్చే గ్రాంట్లను, శాసనసభ తరఫున బడ్జెట్ చూసే లెజిస్లేటివ్ బడ్జెట్ బోర్డు బహిరంగ విచారణ జరిపి ఆమోదించవచ్చు. ఫెడరల్ నిధులు 5 శాతం, 25 శాతం తగ్గితే ఏం చేస్తారో శాఖలు ముందే ప్రణాళిక రాయాలని యూటా 2011లోనే చట్టం చేసింది. మన శాఖలనూ అదే అడగండి, తొలి నివేదికలు బడ్జెట్ చర్చకు ముందే సభ్యుల చేతికి అందేలా చూడండి.

భవదీయుడు,
కాలిన్ కౌంటీకి చెందిన ఒక తెలుగు ఓటరు