చిన్న బ్యాండ్లకి పబ్బు తప్ప ఇంకో చోటు లేదా?

ఎడిటర్ గారికి నమస్కారం,

గచ్చిబౌలిలోనో ఎల్బీ స్టేడియంలోనో పెద్ద కన్సర్ట్ జరిగితే సిటీ పేజీ సగం దానికే పోతుంది, పోనివ్వండి తప్పులేదు, కానీ సొంతంగా తెలుగు పాటలు రాసుకుని బాణీలు కట్టుకునే మన హైదరాబాద్ కుర్రాళ్ళు ఎక్కడ వాయిస్తున్నారో కూడా ఒకసారి రాయండి సార్. ఎక్కడో కాదు, పబ్బుల్లో. వేరే దిక్కు లేక.

ఈమధ్య మా తమ్ముడి కొడుకు జూబ్లీహిల్స్‌లో ఒక చిన్న క్లబ్బుకి తీసుకెళ్ళాడు, ఇప్పుడిప్పుడే పేరు వినిపిస్తున్న ఇండీ బ్యాండ్ (అంటే కంపెనీల అండ లేకుండా సొంత పాటలు వాయించుకునేవాళ్ళు), నలుగురే. మహా అయితే అరవై మంది పడతారేమో ఆ రూములో. స్టేజీ లేదు పాడు లేదు, బార్ కౌంటర్‌కీ వాష్‌రూమ్ తలుపుకీ మధ్య కాస్త జాగా, అందులోనే డ్రమ్స్, ఆంప్, వైర్లు, వెనక టీవీలో సౌండ్ తీసేసిన క్రికెట్ మ్యాచ్. సింగర్ అమ్మాయి కోఠీ బస్టాప్ మీద తను రాసుకున్న పాట ఎత్తుకుంది, పల్లవి రెండోసారి వచ్చేసరికి ఒళ్ళు జలదరించింది నాకు, సరిగ్గా అప్పుడే వెయిటర్ వచ్చి ఆమె చేతిలో టిష్యూ పేపర్ పెట్టి పోయాడు, ఏదో టేబుల్ వాళ్ళకి కావాల్సిన సినిమా పాట పేరు రాసుంది దాని మీద. పాడక తప్పదంట, సొంత పాటలు మూడో నాలుగో, మిగతావన్నీ జనం అడిగినవి, మాట్లాడుకున్నదే అలా అంట.

డ్రమ్స్ కుర్రాడు ఇంకా డిగ్రీలోనే ఉన్నాడు, వాడి క్లాస్‌మేట్లు ఒక్కరూ రాలేదు, 21 నిండకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు కదా. మందుకి ఆ రూల్ ఉండాల్సిందే, కానీ పాట వినడానికి కూడా మందు వయసు రావాలా చెప్పండి?

ఇక 10 కొట్టేసరికి అంతా బంద్. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మైకులు వద్దని, ఇళ్ళున్న చోట రాత్రిపూట 45 డెసిబుల్స్ దాటొద్దని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు, పైగా 2022లో హైకోర్టు కూడా జూబ్లీహిల్స్‌లో కొన్ని పబ్బులకి 10 దాటాక మ్యూజిక్ వద్దంది. ఆ కాలనీల వాళ్ళ బాధ నిజమే, నేను వాళ్ళ వైపే (మా వీధిలో బరాత్ డీజే వస్తే కిటికీ అద్దాలు ఊగుతాయి, దాన్ని మాత్రం ఎవరూ ఆపరు, అది వేరే సంగతి). కానీ అవే నియమాల్లో ఇంకో మాట ఉంది, ఆడిటోరియం, కమ్యూనిటీ హాలు లాంటి మూసిన చోట లోపలివాళ్ళ వరకూ వాడుకుంటే ఆ 10 గంటల నిషేధం లేదు, చుట్టుపక్కల వాళ్ళకి గోల పోకపోతే చాలు. అంటే దారి చట్టమే చూపిస్తోంది, పట్టించుకునేవాళ్ళే లేరు.

బార్లని నమ్ముకుంటే ఏమవుతుందో బెంగళూరులో చూశాం, 2018లో లైసెన్సుల గొడవొచ్చి ఇందిరానగర్‌లో చాలా చోట్ల లైవ్ మ్యూజిక్ ఆగిపోయింది. మన దగ్గర బంజారాహిల్స్‌లో లామకాన్ ఉంది, 2010 నుంచీ మందు లేకుండా చాయ్ సమోసాలతోనే నడుస్తోంది, పాటలు, నాటకాలు, మీటింగులు అన్నీ అక్కడే. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ ఉంది. ఇంత పెద్ద ఊరికి ఇలాంటివి ఏ మూలకి? ఇవాళ సినిమా పాటల్లో వినిపిస్తున్న రామ్ మిరియాల కూడా చౌరస్తా అనే బ్యాండ్‌లోంచి వచ్చినవాడే, అలాంటివాళ్ళు ఇంకెంతమంది టిష్యూ పేపర్లు అందుకుంటూ ఉండిపోయారో.

జీహెచ్‌ఎంసీ కట్టిన మల్టీపర్పస్ ఫంక్షన్ హాళ్ళు ఉన్నాయి కదా, మూఢం వచ్చినా ఆషాఢం వచ్చినా పెళ్ళిళ్ళుండవు, ఖాళీయే. ఆ రోజుల్లో సాయంత్రం పూట పెళ్ళి రేటు కాకుండా కరెంటు, క్లీనింగ్ ఖర్చులు తీసుకుని బ్యాండ్లకి ఇవ్వండి. 500 లోపు టికెట్‌కి జీఎస్టీ కూడా లేదు, రెండొందలు పెట్టినా కాలేజీ పిల్లలు వస్తారు, అమ్మానాన్నల్ని కూడా తీసుకొస్తారు. సౌండ్ మీటర్ ఒకటి గేటు దగ్గర పెట్టండి, దాటితే ఆపేయండి, ఎవరూ ఏమనరు. ఊరంతా ఒకేసారి అక్కర్లేదు, ముందు ఒక్క హాలుతో మొదలుపెట్టి, బుకింగ్ ఎవరిని అడగాలో ఒక నంబర్ ఇస్తే చాలు.

ఇట్లు,
ఒక పాఠకుడు, సికింద్రాబాద్